గుమ్మానికి కట్టిన భయం
పల్నాడు ఇళ్లలో దిష్టి సింగారం

నరసరావుపేట : పల్నాడులో ఏ పల్లెకు వెళ్లినా ఇంటికన్నా ముందు గుమ్మాన్ని చూడాలి. గడపకు పసుపు, పసుపు మీద కుంకుమ బొట్లు, పైన మామిడి తోరణం. ఇవన్నీ లక్ష్మీదేవిని లోపలికి రమ్మనడానికి. అదే ద్వారబంధానికి కాస్త పైన వుట్టిలో వేలాడే బూడిద గుమ్మడికాయ, నల్లదారానికి గుచ్చిన నిమ్మకాయ మిరపకాయలు, వేళ్లు పైకి పెట్టి తలకిందులుగా కట్టిన కలబంద, కోరలు బయటపెట్టి నాలుక చాచిన రాక్షసుడి ముఖం. ఇవి మరొకరిని రావద్దని చెప్పడానికి. ఒకే గుమ్మంలో పిలుపూ వుంటుంది, గద్దింపూ వుంటుంది.

పట్నాల్లోనూ విదేశాల్లోనూ ఇళ్ల అలంకరణలో 'గోథిక్' అనే మాట ఈ మధ్య తరచుగా వినిపిస్తున్నది. నల్ల తెరలు, పుర్రె బొమ్మలు, గబ్బిలాలు, కొవ్వొత్తుల మసక వెలుతురు దాని లక్షణాలు. భయపెట్టే వస్తువునే ముచ్చటగా చేసి ఇంట్లో పెట్టుకోవడం దాని సారాంశం. అసలు ఆ మాట యూరప్‌లో 12వ శతాబ్దంలో మొదలైన ఒక కట్టడపు పద్ధతికి తరువాతి వారు పెట్టిన పేరు. పారిస్ నగరంలోని నోటర్ డామ్ చర్చిని 1163లో కట్టడం మొదలుపెట్టారు. దాని పైకప్పు నుంచి వాన నీళ్లు దూరంగా పడడానికి పెట్టిన రాతి తూములన్నీ వికృత జంతువుల ముఖాలే. ఇంచుమించు ఆ కాలంలోనే ఇక్కడ మాచర్ల, గురజాల దాయాదుల మధ్య పగ రగిలి కారెంపూడి రణభూమిలో వీరులు నేలకొరిగారు.

పల్నాటి గృహిణికి ఆ గోథిక్ మాట తెలియనక్కరలేదు. పని మాత్రం తరతరాలుగా చేస్తూనే వున్నది. చిక్కల్లా ఒక్కటే. గుమ్మానికి వుండవలసిన భయం రోడ్డు మీదికీ, పొరుగువాడి వాకిట్లోకీ చేరుతున్నది. ఆ సంగతి చెప్పుకునే ముందు వస్తువుల సంగతి చూడాలి.

బూడిద గుమ్మడి గొప్పతనం

దిష్టి వస్తువులన్నింటిలో పెద్దపీట బూడిద గుమ్మడికే. గృహప్రవేశం నాడు గానీ, అమావాస్య నాడు గానీ దీన్ని కడతారు. కాయకు పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, కర్పూరం వెలిగించి, ధూపం వేసి వుట్టిలో పెట్టి వేలాడదీస్తారు. కాయ కుళ్లి నీరు కారితే ఇంటికి తగలవలసిన దిష్టి అది లాక్కున్నదని, వెంటనే దించేసి మరో కాయ కట్టాలని నమ్మకం. నెలల తరబడి చెక్కుచెదరకుండా వుంటే ఇంటి మీద ఎవరి కళ్లూ పడలేదని సంతోషం.

కాయ నిలవ వుండడానికి అసలు కారణం దాని ఒంటి మీది బూడిదే. అది నిజానికి మైనం వంటి పూత. లోపలి తడిని బయటికి పోనివ్వదు, బయటి బూజును లోపలికి రానివ్వదు. గోరు గీతలు పడినా, తడిగుడ్డతో రుద్ది కడిగినా పూత పోయి అక్కడి నుంచే కుళ్లు మొదలవుతుంది. అందుచేత కట్టడానికి కాయను ఎంచేటప్పుడు బాగా ముదిరి, బూడిద నిండుగా పట్టి, తొడిమ వూడకుండా వున్నదాన్ని తీసుకోవాలి. పసుపు కూడా ఒళ్లంతా రుద్దకుండా బొట్లుగా పెట్టడమే మేలు. నాలుగైదు కిలోల బరువు వుండే కాయను సన్నటి తీగెతో కట్టడం ప్రమాదం. కాయ మెత్తబడినప్పుడు తీగె దాన్ని కోసేస్తుంది. మనుషులు నడిచే దారికి సరిగ్గా పైన కట్టి, తల మీద పడ్డాక దిష్టి గురించి ఆలోచించడం తెలివైన పని కాదు. కొబ్బరి తాడుతో అల్లిన వుట్టి అన్ని విధాలా శ్రేష్ఠం.

గుమ్మానికి కట్టిన జాతి కాయనే మినపపప్పు రుబ్బిన పిండిలో కలిపి గుమ్మడి వడియాలు పెడతారు. అయినా నిండు గుమ్మడికాయకు ఆడవాళ్లు మొదటి కత్తి పెట్టరు. ఇంట్లో మగవాడు ఒక దెబ్బ వేసి రెండు చెక్కలు చేశాకే ఆడవాళ్లు తరుగుతారు. గుమ్మడిని కూరగాయగా కాక బలిగా చూసిన కాలపు ఆనవాలు అది. రక్తం బదులు కుంకుమ, తల బదులు కాయ. జీవహింస మానుకున్న ఇళ్లు వెతుక్కున్న ఉపాయం ఇదని అనుకోవచ్చు.

నిమ్మకాయ మిరపకాయల దండకు మాత్రం అంత పాతకాలపు గౌరవం లేదు. మిరప పుట్టిల్లు అమెరికా ఖండం. 1498లో వాస్కోడగామా కాలికట్ చేరిన తరువాత పోర్చుగీసు వర్తకుల వల్లనే అది మన దేశంలో వేళ్లూనింది. బ్రహ్మనాయుడి కాలంలో పల్నాడులో మిరపకాయే లేదు. అనాదిగా వస్తున్న ఆచారమని చెప్పుకునే దండలో సగం దాదాపు అయిదు వందల ఏళ్ల లోపు చుట్టమే. పండగకు గుమ్మం నిండా కట్టే బంతిపూల కథా అంతే. బంతి మెక్సికో ప్రాంతపు మొక్క. అక్కడి వారు నవంబరు 1, 2 తేదీల్లో చనిపోయిన తమ వారిని తలుచుకుంటూ సమాధులకూ, ఇంట్లో పెట్టిన పటాలకూ ఆ పూలే పరుస్తారు. వాళ్లకు బంతి పెద్దల పువ్వు. మనకు శుభకార్యపు పువ్వు. సంక్రాంతి నాడు పెద్దలకు పెట్టే ఇంట్లో అది రెండు పనులూ చేస్తున్నది.

ఉప్పు, ఎండు మిరపకాయలు గుప్పిట పట్టి మూడుసార్లు తిప్పి పొయ్యిలో వేయడం మిరప పండించే ఈ సీమలో ప్రతి తల్లికీ తెలిసిన విద్య. ఘాటు రాకపోతే దిష్టి తగిలినట్టే అంటారు. ఘాటు వస్తే ఇంటిల్లిపాదీ దగ్గుతారు. రెండు విధాలా బిడ్డ ఏడుపు మానేసి పొయ్యి వైపు చూడడం మాత్రం నిజం.

సున్నపురాయి నుంచి ఎర్రనీళ్ల దాకా

పల్నాడు నేల కింద వున్నది సున్నపురాయి. మాచర్ల వైపు అది పలకలుగా చీలి నాపరాయి అవుతుంది. ఇళ్ల అరుగులకు, గచ్చులకు, పాత ఇళ్లలో గోడలకు కూడా ఆ బండలే. పిడుగురాళ్లలో అదే రాయి బట్టీలో కాలి సున్నమవుతుంది. సున్నం వ్యాపారమే ఆ వూరికి పేరు తెచ్చింది. దాదాపు 900 డిగ్రీల వేడిలో రాయిలోని బొగ్గుపులుసు వాయువు బయటికి పోయి గుల్లసున్నం మిగులుతుంది. నీళ్లు పోస్తే బుసబుసమని పొంగి పొగలు కక్కుతుంది. వడగట్టి, కాస్త తుమ్మబంక, చిటికెడు నీలిమందు కలిపి కుంచెతో గోడకు కొడితే, ఆరిన కొద్దీ గాలిలోని ఆ వాయువునే మళ్లీ పీల్చుకుని గోడ మీద పలచని రాతిపొరగా మారుతుంది. రంగు డబ్బాలు వచ్చాక సున్నం కొట్టే ఇళ్లు తగ్గాయి. పురుగునూ బూజునూ దగ్గరకు రానివ్వని గుణం మాత్రం సున్నానికే వున్నది.

దిష్టి తీసే ఎర్రనీళ్లకూ సున్నమే మూలం. పళ్లెంలో నీళ్లు పోసి పసుపు కలిపి, చిటికెడు సున్నం వేయగానే నీళ్లు నెత్తురు రంగుకు తిరుగుతాయి. పసుపులోని రంగు పదార్థానికి సున్నపు క్షారం తగలడమే అందుకు కారణం. నిమ్మరసం పిండితే మళ్లీ పచ్చబడతాయి. పెళ్లికూతురు అత్తవారి గడప తొక్కేటప్పుడు, బాలింత పుట్టింటి నుంచి బిడ్డతో వచ్చేటప్పుడు ఈ ఎర్రనీళ్లు తిప్పి వాకిట్లో పారబోస్తారు. చిన్న పిల్లలకు ఈ రంగు మార్పు చేసి చూపితే బడిలో రసాయన శాస్త్రం పాఠం సులువుగా ఎక్కుతుంది.

ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పవలసి వున్నది. పండగ ముందు సున్నం నానేసిన తొట్టి పిల్లలకు అందేచోట వుంచరాదు. సున్నం కంట్లో పడితే చూపే పోవచ్చు. పడిన వెంటనే కన్ను నలపకుండా, రెప్పలు విప్పి పట్టుకుని, ధారగా మంచినీళ్లు పోస్తూ అరగంటసేపు కడగాలి. నూనె చుక్కలు, చనుబాలు పోయడం వంటివి చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. ముందు కడగడం, తరువాతే ప్రయాణం. నరుడి కంటికి నల్లరాళ్లైనా పగులుతాయని భయపడి దిష్టి తీసే ఇంట్లో, నిజంగా బిడ్డ కన్ను తీసేది ఆ తొట్టే కావచ్చు.

చీకటి నెలల పండగలు

భాద్రపదంలో మహాలయ పక్షం మొదలు పుష్యంలో సంక్రాంతి దాకా నాలుగు నెలలు పొద్దు పొట్టిగా వుంటుంది. ఇంటి సింగారమంతా ఈ నాలుగు నెలల్లోనే. చచ్చిపోయిన పెద్దలను తలుచుకోవడమూ ఈ నాలుగు నెలల్లోనే. ఈ రెండూ కలిసి రావడం కాకతాళీయం కాదు.

మహాలయ అమావాస్యకు పెద్దలకు బియ్యం ఇస్తారు. దీపావళి అమావాస్య సాయంత్రం ఇంటి ముందు పిల్లల చేత గోగుకాడల చివర నూనెగుడ్డలు కట్టించి వెలిగించి నేలకు కొట్టిస్తారు. ఆ వెలుగు పెద్దలకు దారి చూపడానికని శాస్త్రం చెబుతుంది. పిల్లలకు మాత్రం మతాబులు కాల్చే ముందు తప్పించుకోలేని పని. కాళ్లు కడుక్కుని, తీపి తిని, ఆ తరువాతే బాణాసంచా.

కార్తీక అమావాస్యతో కారెంపూడిలో వీరుల వుత్సవాలు మొదలవుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని అయిదు రోజులు. వీరాచారవంతులు తమ ఇళ్లలో ఏడాది పొడవునా పూజలో వుంచుకున్న కొణతాలను తీసుకువచ్చి నాగులేటిలో స్నానం చేయించి వీరుల గుడికి చేరుస్తారు. చచ్చిన వారి ఆయుధాన్ని దేవుడి మూలలో పెట్టుకుని, పసుపు కుంకుమ పెట్టి, పూలు చుట్టి కాపాడుకోవడం కన్నా గట్టి గోథిక్ అలంకరణ ఏ దేశంలోనైనా వుంటుందా అన్నది సందేహమే. రాళ్లుగా నిలిచిన వీరులకు అక్కడ పూజ జరుగుతుంది. కులాలన్నీ ఒక చాప మీద కూర్చుని తిన్న చాపకూడును వుత్సవంలో తలుచుకుంటారు. వీరవిద్యావంతులు పాడే ఈ కథ మీద జీన్ రోగేర్ అనే అమెరికా పండితుడు రాసిన గ్రంథం 1982లో ఆక్స్‌ఫర్డ్ నుంచి వెలువడింది. అమావాస్య దాటిన మర్నాడు తెల్లవారుజామున పోలి పాడ్యమి. అరటి దొప్పల్లో దీపాలు పెట్టి ఆడవాళ్లు ఏటిలోనో, కాలవలోనో, అదీ లేకపోతే ఇంట్లో పళ్లెపు నీళ్లలోనో వదులుతారు.

చనిపోయిన వారికి రాయి నిలిపే అలవాటు పల్నాటి యుద్ధం కన్నా ఎంతో పాతది. ఇక్ష్వాకుల కాలంలో, అంటే 3, 4 శతాబ్దాలలో, నాగార్జునకొండ లోయలో రాజుల పేరనే కాక సైనికుల పేర, పనివారి పేర కూడా ఛాయాస్తంభాలు నిలిపారు. పల్నాటి సున్నపురాయి మీద చెక్కిన బొమ్మలవి. అక్కడి బౌద్ధారామాల మెట్ల ముందు అర్ధచంద్రాకారంలో చెక్కిన చంద్రశిలలు కూడా వుండేవి. లోపలికి వెళ్లేవాడు మొదట దాని మీద కాలు పెట్టాలి. గడప ముందు ఈనాడు వేసే ముగ్గుకు అది పదిహేడు వందల ఏళ్ల నాటి అక్క అనుకుంటే తప్పు లేదు. సాగర్ డ్యాం నీటిలో ఆ లోయ మునిగినప్పుడు ఈ రాళ్లలో చాలావాటిని పైకి చేర్చారు. కొండ మీది మ్యూజియంలో వాటిని చూడవచ్చు.

ఇక సంక్రాంతి. పల్నాడులో అది పెద్ద పండగే కాదు, పెద్దల పండగ కూడా. ధనుర్మాసమంతా తెల్లవారుజామున పేడ కళ్లాపి, చుక్కల ముగ్గులు, గొబ్బెమ్మల నెత్తిన గుమ్మడి పూలు. సంక్రాంతి నాడు కొత్త బట్టలు ముందు పెద్దల పటం దగ్గర పెట్టి, వండినవన్నీ వాళ్లకు చూపించి గానీ ఇంట్లో వాళ్లు ముట్టరు. ముగ్గుల నెల ముగిసేటప్పుడు రథం ముగ్గు వేస్తారు. రథం మొహం ఇంటి నుంచి బయటి వైపు వుంటుంది. దాని తాడును ముగ్గుతోనే లాగి పక్కింటి రథానికి కలుపుతారు. అట్లా గీత వీధి చివరిదాకా పోతుంది. వచ్చిన అతిథులను సాగనంపే బండి అది. ఇంటికి ఒక బండి కాదు, వీధికంతా ఒకే తాడు.

పాశ్చాత్య దేశాల్లో అక్టోబరు 31న చేసుకునే హాలోవీన్ కూడా ఈ జాతి పండగే. ఐర్లండులో పూర్వం టర్నిప్ దుంపను తొలిచి భయంకర ముఖం చెక్కి లోపల దీపం పెట్టేవారు. అమెరికాకు వలస వెళ్లాక అక్కడ పెద్దగా, మెత్తగా దొరికిన ఎర్ర గుమ్మడికి మారారు. అమెరికాలో స్థిరపడ్డ తెలుగువారి పిల్లలు ఇప్పుడు గుమ్మడికాయకు పళ్లు చెక్కి మెట్ల మీద పెడుతున్నారు. దీపావళి సాధారణంగా అక్టోబరు నడిమి నుంచి నవంబరు నడిమి లోపలే వస్తుంది గనుక కొన్ని ఏళ్లలో ఆ గుమ్మడి పక్కనే ప్రమిద కూడా వెలుగుతుంది. పల్నాడు నుంచి వెళ్లిన నాయనమ్మకు ఆ మెట్లు చూస్తే కొత్తగా ఏమీ అనిపించనక్కరలేదు. కాయ రంగే తేడా.

చేలో నిలబడ్డ మనిషి

ఇంటికి గుమ్మడి ఎట్లాగో చేనుకు దిష్టిబొమ్మ అట్లాగ. రెండు కర్రలు అడ్డంగా కట్టి, వరిగడ్డి చుట్టి, పాత చొక్కా తొడిగి, పైన బోర్లించిన కుండకు సున్నం పూసి, మసితో కళ్లు, మీసాలు దిద్దితే మనిషి తయారు. పగిలిన కుండ వుంటే ఇంకా మంచిది, ఖర్చు లేదు. మిరప తోటకు ఇది పిట్టల కోసం కాదు, దారిన పోయేవాడి కంటి కోసం. సగం కట్టిన ఇంటి శ్లాబుకు కూడా ఇదే బొమ్మను వురి తీసినట్టు వేలాడదీస్తారు. కొత్తగా వూరికి వచ్చినవాడు చీకట్లో చూసి అదిరిపడిన సందర్భాలు తక్కువేమీ కావు. 2018లో నెల్లూరు జిల్లాలో ఒక రైతు తన కూరగాయల తోటకు దిష్టిబొమ్మ బదులు సినీతార నిలువెత్తు ఫోటోలు కట్టించి దేశమంతటా వార్తకెక్కాడు. చూసేవాడి కన్ను పంట మీద పడకూడదన్నదే లక్ష్యమైతే ఆయన లెక్క సరైనదే మరి.

ఈ బొమ్మలూ, ముఖాలూ ఇంతకు ముందు కుమ్మరి, మేదరి చేతుల మీదుగా, ఇంట్లో ఆడవాళ్ల చేతుల మీదుగా వచ్చేవి. ఇప్పుడు సంతలో ప్లాస్టిక్ రాక్షసుడు దొరుకుతున్నాడు. అన్ని ఇళ్లకూ ఒకే ముఖం, ఒకే మీసం. ఎండకు వెలిసిపోయి రాక్షసుడే జాలిగొలుపుతున్నాడు. మసితో చేత్తో దిద్దిన కుండకు వున్న కోపం వాడికి లేదు.

రోడ్డెక్కిన గుమ్మడికాయ

దసరాకు, అమావాస్యలకు లారీలకూ ట్రాక్టర్లకూ పూజ చేసి గుమ్మడికాయ పగలగొట్టడం పిడుగురాళ్ల, దాచేపల్లి, మాచర్ల దారిలో మామూలు దృశ్యం. కాయకు రంధ్రం చేసి కుంకుమ నింపి, చిల్లర డబ్బులు వేసి బండి ముందు కొడతారు. తారు రోడ్డు మీద ఆ గుజ్జు, గింజలు, తడి కుంకుమ కలిసి నూనె పోసినట్టు జారుతాయి. వెనక వచ్చే మోటారు సైకిలు వాడికి అది చీకట్లో కనపడదు. బ్రేకు పట్టాడా, పడ్డాడే. పైగా ఆ చిల్లర ఏరుకోవడానికి పిల్లలు బండ్ల మధ్యకు వురుకుతారు. ఒకరి బండికి దిష్టి పోవాలని మరొకరి కాలు విరగడం ఏ ఆచారమూ చెప్పలేదు.

రెండోది ఇంకా లోతైన చిక్కు. సొంత గుమ్మానికి కట్టుకున్న నిమ్మకాయ అలంకారం. అదే నిమ్మకాయ తెల్లవారేసరికి పక్కింటి వాకిట్లో కనిపిస్తే చేతబడి. దిష్టి తీసినవి నాలుగు దారులు కలిసేచోట పడేయాలని, వెనక్కి తిరిగి చూడకూడదని ఆనవాయితీ. పూర్వం నాలుగు దారులు వూరి బయట వుండేవి. వూళ్లు పెరిగి ఇప్పుడు ఆ నాలుగు దారుల మొగలోనూ ఇళ్లు లేచాయి. పడేసినవాడికి అది కూడలి, అక్కడ కాపురమున్నవాడికి తన వాకిలి. కుక్క నోట కరుచుకుపోయి మరో ఇంటి ముందు వదిలినా చాలు, అనుమానం మొదలవుతుంది. బిడ్డకు జ్వరం వస్తే ఆ అనుమానానికి ఒక పేరు వస్తుంది. ఆ పేరు సాధారణంగా ఒంటరి ముసలమ్మదో, కిట్టని దాయాదిదో అవుతుంది. మాటలు దెబ్బలదాకా, పోలీసు స్టేషను దాకా పోతాయి. నిమ్మకాయకు ఆ శక్తి లేదని చదువుకున్న పిల్లలు ఇంట్లో చెప్పగలగాలి. జ్వరానికి మందు ఆసుపత్రిలోనే వున్నది.

ఆచారం మానక్కరలేకుండానే ఈ రెండు చిక్కులూ తప్పించుకునే దారి వున్నది. బండి పూజ రోడ్డు మీద కాకుండా ఖాళీ జాగాలో చేసి, పగిలిన చెక్కలు వెంటనే ఎత్తి, జారిన చోట మట్టి చల్లితే సరిపోతుంది. కాయలో చిల్లర వేయకపోతే పిల్లల బెడద వుండదు. గుమ్మం నుంచి దించిన కాయను, వాడిన నిమ్మకాయలను కూడలిలో పడేయకుండా ఎవరి పెరట్లో వారు ఎరువు గుంటలో కప్పెట్టుకోవచ్చు. కుళ్లి దించిన గుమ్మడిలోనూ గట్టి గింజలు మిగిలే వుంటాయి. తొలకరి పడగానే అవి గుంటలోనే మొలుస్తాయి. ఒక తీగెను పందిరి మీదికో, పాక మీదికో పాకిస్తే కార్తీకం నాటికి గుమ్మానికి కట్టడానికి ఒక కాయ, వడియాలకు నాలుగు కాయలు ఇంట్లోనే చేతికి వస్తాయి.